దూది పొగ, మడి గట్లు: పద్మనాభం యుద్ధానికి మేం రాసుకున్న రూల్స్

బొబ్బిలి యుద్ధం గురించి ఉత్తరాంధ్రలో ఎవరికీ చెప్పక్కర్లేదు. బుర్రకథ ఒక్కసారి కూడా వినని కుర్రాడు సైతం తాండ్ర పాపారాయుడి పేరు చెబుతాడు. అది 1757 నాటి మాట. ఆ తర్వాత ముప్పై ఏడేళ్లకి, 1794 జూలై 10న, భీమిలికి దగ్గర్లోనే పద్మనాభం దగ్గర ఇంకో యుద్ధం జరిగింది. విజయనగరం రాజు చిన విజయరామరాజు పేష్కషు, అంటే కప్పం, బకాయిలు కట్టలేదని ఈస్టిండియా కంపెనీ ఆయన్ని మచిలీపట్నం వెళ్లిపొమ్మంది. ఆయన వెళ్లకుండా పద్మనాభంలో దిగాడు. కర్నల్ ప్రెండర్‌గాస్ట్ పటాలం మీదకొచ్చింది. గంట తిరక్కుండా అంతా అయిపోయింది. రాజు, ఆయనతో నిలబడ్డవాళ్లు అక్కడే పడిపోయారు.

ఆ గంటని విశాఖలో మా ఎంవీపీ కాలనీ ఫ్లాట్‌లో ఆరడుగుల ప్లైవుడ్ బల్ల మీద ఆడాలని నా ఆశ. మినియేచర్ యుద్ధాల ఆట తెలియనివాళ్లకి రెండు మాటలు చెప్తాను. చదరంగంలోలా గళ్లుండవు. చిన్న చిన్న బొమ్మ సైనికులు, థర్మోకోల్ కొండలు, టేపుతో కొలిచి కదపడం, పాచికలతో కాల్పులు తేల్చడం. కంపెనీలు అమ్మే ఆటలకి పుస్తకాలకు పుస్తకాలు రూల్స్ ఉంటాయి. అయినా ఎవరింట్లో ఆడితే ఆ ఇంటి రూల్స్ కొన్ని పుడుతూనే ఉంటాయి. వీధి క్రికెట్లో గోడకి తగిలితే రెండు రన్స్, మిలటరీ మాస్టారింట్లో పడితే ఔట్ అన్నట్టు.

ఆధారంగా నేను తీసుకున్నది నెపోలియన్ కాలపు యూరప్ యుద్ధాల కోసం ఎవరో రాసి ఉచితంగా పంచిన రూల్స్. బాగానే ఉన్నాయి. కానీ వాటిలో నేలంతా గడ్డి మైదానం. రెండు వైపులా ఒకే రకం తుపాకులు, ఒకే రకం డ్రిల్లు. వాన ఊసే లేదు. ఆషాఢ మాసంలో, దమ్ము చేసిన మడుల మధ్య, అగ్గి తాడుతో పేలే తుపాకులు పట్టుకున్న దండు ఒకవైపు, చెకుముకి రాయి తుపాకులతో కవాతు నేర్చిన సిపాయిలు ఒకవైపు నిలబడితే ఆ రూల్స్ చేతులెత్తేస్తాయి.

బొమ్మల సంగతి చెప్పి ముందుకెళ్తాను. బయట దేశాల నుంచి వచ్చే లోహపు బొమ్మల ధర, దాని మీద కస్టమ్స్ సుంకం చూశాక ఆ ఆలోచన మానుకున్నాను. కంపెనీ పటాలానికి 1/72 స్కేలు ప్లాస్టిక్ సైనికులు, అంటే బొటనవేలి కణుపంత ఎత్తు. రాజు దండుకి ఏటికొప్పాకలో అంకుడు కర్రతో చిన్న చిన్న మేకుల్లాంటి బొమ్మలు తిప్పించాను. లక్క రంగులు వాళ్లు లేత్ మీద కర్ర తిరుగుతుండగానే అద్దుతారు, ఆ రాపిడి వేడికే లక్క కరిగి పట్టేస్తుంది. అందుకే వాటికి నేను బ్రష్ ముట్టుకోలేదు. ప్లాస్టిక్ వాళ్లతోనే పడ్డాను తంటా. విశాఖ ఉక్కలో ప్రైమర్ స్ప్రే కొడితే పిండి చల్లినట్టు గరుకుగా ఆరుతుంది. చివరికి బ్రష్‌తోనే వేశాను. అడుగు ముక్కలు సైన్ బోర్డుల షాపులో మిగిలిపోయిన ఫోమ్ షీటు. థర్మోకోల్, దూది, జిగురు అన్నీ పూర్ణా మార్కెట్లో దొరికాయి.

ఇక రూల్స్. మొదట రాసుకున్నది చాలా పెద్ద జాబితా. ఎండ వేడికి అలసట, ఏనుగు బెదరడం, మందుగుండు అయిపోవడం, దుబాషీ తప్పు కబురు మోయడం, ఇలా గుర్తొచ్చినవన్నీ. ప్రతిదానికీ ఒక పాచిక, ఒక పట్టిక. మా బావ ఆ కాగితాలు తిప్పి చూసి, "ఇది ఆటా, ఆడిటా?" అన్నాడు. ఆయన పోర్టులో అకౌంట్స్ చూస్తాడు, ఆ పోలిక ఆయనకే చెల్లుతుంది. కానీ ఆ మాటతోనే నాకో జల్లెడ దొరికింది. ఒక రూల్ వల్ల ఆడేవాడు ఏదో ఒకటి ఎంచుకోవాల్సి వస్తే దాన్ని ఉంచాలి. పాచిక వేసి అంకె రాసుకోవడం తప్ప ఇంకేం లేకపోతే, అది చరిత్రలో ఎంత నిజమైనా తీసెయ్యాలి. అలసట పోయింది, దుబాషీ పోయాడు, ఏనుగు కూడా పోయింది. ఏనుగు పోయినందుకు మా మేనల్లుడు ఇప్పటికీ నన్ను క్షమించలేదు.

మిగిలినవాటిలో ముందు నిలబడింది మడి రూల్. బల్ల మధ్యలో గోధుమ రంగు గుడ్డ ముక్కలు మడులు, వాటి మధ్య జనపనార తాళ్లు గట్లు. దమ్ము చేసిన మడిలో దిగిన దళం సగం దూరమే కదులుతుంది, ఆరంగుళాలకి బదులు మూడు. గట్టు మీదుగా వెళ్తే పూర్తి వేగం, కానీ ఒకరి వెనక ఒకరు. మొదటి ఆటలోనే ఇది పనిచేసింది. గట్టెక్కితే త్వరగా చేరతావు, కానీ బారు తీరిన తుపాకులకి ఎదురుగా ఒంటి వరసలో. బురదలో దిగితే బారుగా ఉంటావు, కానీ కాల్పుల్లో ఇంకో రౌండు గడపాలి. మా బావ కొలత టేపు అటు పెట్టి ఇటు పెట్టి, టీ చల్లారిపోయేదాకా తేల్చుకోలేకపోయాడు. రూల్ కుదిరిందనడానికి నాకు అంతకంటే గుర్తు అక్కర్లేదు.

ఎక్కువ కాలం తిన్నది కాల్పుల లెక్క. ఇక్కడ కాస్త అంకెల్లోకి దిగాలి. ఆ యూరప్ రూల్స్ ప్రకారం కంపెనీ దళానికి పన్నెండు పాచికలు, పన్నెండు అంగుళాల లోపు ఎక్కడున్నా 4 గానీ ఆపైన గానీ పడితే దెబ్బ తగిలినట్టు. అంటే సగటున ఆరు దెబ్బలు. దెబ్బ తిన్నవాడు 5 గానీ 6 గానీ వేస్తే బతుకుతాడు, అంటే మూడింట ఒకడు. నికరంగా నలుగురు పోతారు. రాజు దళంలో పన్నెండు మంది. పన్నెండు అంగుళాల నుంచి ఆరేసి చొప్పున పరిగెత్తుకొస్తే రెండు విడతల కాల్పులు తప్పవు. ఎనిమిది మంది పోగా నలుగురు చేరతారు, కత్తి దూసేలోపే చెదిరిపోతారు. ఎన్నిసార్లు ఆడినా అంతే. కంపెనీ ఆడేవాడు చేసేదేమీ లేదు, ప్రతి రౌండూ కాల్చడమే.

దీని కోసం మొత్తం ఆట పరచలేదు. భోజనాల బల్ల మీద ఒక్క దళం, ఎదురుగా ఒక్క దళం. పరుగు, కాల్పు, ఢీ. మళ్లీ మొదటికి. నోటుబుక్‌లో నాలుగు గడులు గీసుకున్నాను: మొదటి విడతలో ఎంతమంది, రెండో విడతలో ఎంతమంది, చేరారా లేదా, చేరాక నిలిచారా. ఒక్కో రాత్రి ఒక్కటే మార్పు. రెండు మార్పులు కలిపి చేస్తే దేనివల్ల ఏం మారిందో అంతుపట్టదు. పాచికల చప్పుడు కింద ఫ్లాట్‌కి వినిపిస్తోందంటే బల్ల మీద తువ్వాలు పరిచాను.

దారి చూపింది తుపాకి మందు పొగ. ఆ కాలపు తుపాకి ఒక్క విడత పేలిందంటే ముందు తెల్లటి తెర లేచేది, కాల్చినవాడికే ఎదర ఏముందో కనబడేది కాదు. దాన్ని ఇలా రాశాను. ఆరంగుళాలు దాటిన దూరంలో 5 పడాలి. ఆరంగుళాల లోపు 3 చాలు. దళం కాల్చగానే దాని ముందు దూది పెట్టాలి. దూది ఉండగా మళ్లీ కాలిస్తే పాచిక మీద రెండు ఎక్కువ పడాలి. ఒక రౌండు కాల్చకుండా ఊరుకుంటే దూది తీసెయ్యొచ్చు.

ఇప్పుడు లెక్క చూడండి. దూరం నుంచే కాలిస్తే నాలుగు దెబ్బలు, సగటున ఇద్దరు ముగ్గురు పోతారు. దగ్గరికొచ్చాక పొగలోంచి మళ్లీ అంతే. రెండూ కలిపితే ఐదుగురు చిల్లర. అలా కాక, ఊపిరి బిగబట్టి దగ్గరికొచ్చేదాకా ఆగి ఒక్కసారే కాలిస్తే ఎనిమిది దెబ్బలు, పోయేది అదే ఐదుగురు చిల్లర. సగటు ఒక్కటే! కానీ ఒక రౌండులో నలుగురు గానీ అంతకంటే ఎక్కువ గానీ పోతే ధైర్య పరీక్ష, అందులో తప్పితే దళం పారిపోతుంది అని ముందే ఉంది. ఆగి కాల్చినవాడు ఎదుటివాణ్ణి చాలాసార్లు ఆ పరీక్షలో నిలబెడతాడు. తొందరపడి కాల్చినవాడికి ఆ అవకాశం తక్కువ, కానీ దెబ్బ ముందే పడుతుంది. సగటులు ఇలా సరిసమానంగా కూర్చోవడం నా తెలివేమీ కాదు, అంకెలు అటూ ఇటూ మారుస్తుంటే అలా వచ్చి కూర్చున్నాయి. వాటిని మళ్లీ కదపలేదు.

దూది కోసం దేవుడి గదిలో వత్తుల ప్యాకెట్ మీద పడ్డాను. "కార్తీకం దాకా దాచుకున్న వత్తులు రా అవి, నీ సిపాయిలకి పొగ పెట్టడానికా?" అని అమ్మ కేకలేసింది. ఇప్పుడు మెడికల్ షాపు దూది వాడుతున్నాం. వత్తుల దూదే బాగుండేది, పొడుగ్గా సాగి బారుకి సరిగ్గా సరిపోయేది.

వాన రూల్‌కి జల్లెడ ఇంకోలా పనికొచ్చింది. మొదట రాసుకున్నది: ప్రతి రౌండు మొదట్లో ఒక పాచిక, 1 పడితే వాన. వానలో అగ్గి తాడు తుపాకులు పేలవు. చెకుముకి రాయి తుపాకులు పేలతాయి, కానీ ఒకటి ఎక్కువ పడాలి. నిజానికి దగ్గరగానే ఉంది. ఆడితే మాత్రం విసుగు. వాన పడితే ఒకడు నవ్వుతాడు, ఇంకొకడు తిట్టుకుంటాడు, ఇద్దరి చేతుల్లోనూ ఏమీ లేదు. తీసేద్దామనుకుంటుండగా, సాయంత్రం డాబా మీద బట్టలు తీస్తూ మా ఆవిడ అంది: "వాన చెప్పకుండా రాదు కదండీ, ముందు మబ్బేస్తుంది." అంతే. 1 పడితే వాన కాదు, మబ్బు. బల్ల అంచున నల్ల కాగితం ముక్క పెడతాం. వచ్చే రౌండులో మళ్లీ పాచిక: 1, 2 పడితే మబ్బు తేలిపోతుంది, మిగతా ఏది పడినా వాన. ఇప్పుడు ఆ నల్ల ముక్క కనబడగానే బల్ల చుట్టూ గాలే మారిపోతుంది. రాజు వైపు వాడు ఉన్న తుపాకులన్నీ ఇప్పుడే పేల్చేసి, వానలో పరిగెత్తడానికి సిద్ధమవుతాడు. దగ్గరికొచ్చేదాకా ఆగుదామనుకున్న కంపెనీ వాడు, ఆగితే వానలో కాల్చాల్సొస్తుందేమోనని చెమటలు పట్టి కూర్చుంటాడు. మబ్బు రూల్, పొగ రూల్ విడివిడిగా పుట్టాయి. రెండూ ఇలా ఒకదానితో ఒకటి ముడిపడతాయని నేను అనుకోలేదు.

రాజు బొమ్మ దగ్గర వేరే చిక్కు వచ్చింది. ధైర్య పరీక్ష అంటే రెండు పాచికలు కలిపి 8 గానీ అంతకంటే తక్కువ గానీ పడాలి. నూటికి డెబ్బై రెండు పాళ్లు గట్టెక్కుతారు. రాజు ఆరంగుళాల లోపు ఉంటే తప్పినవాళ్లు మళ్లీ వేసుకోవచ్చు, అప్పుడు తొంభై రెండు. ఈ సదుపాయం చూసుకుని మా బావ రాజుని తాటితోపు వెనక దాచి, అక్కడి నుంచే అందరికీ ధైర్యం పంచాడు. ఆటగా తెలివైన పనే. కానీ మచిలీపట్నం వెళ్లనని నిలబడ్డ మనిషిని తాటిచెట్టు వెనక దాచి గెలిస్తే ఆ ఆటకి పద్మనాభం పేరెందుకు? రూల్ మార్చాను. రాజు ఏ దళం ముందు వరసలో నిలబడితే ఆ దళానికే రెండో అవకాశం. ముందు వరసలో ఉన్నాడు కాబట్టి, ఆ దళంలో ఎవరైనా పడ్డ ప్రతి రౌండూ ఆయనకీ ఒక పాచిక, 1 పడితే పడిపోతాడు. ఆయన పడితే ఆ దళానికి ఇక పారిపోవడం ఉండదు, ధైర్య పరీక్షే ఉండదు. ఉన్న చోట ఉన్నంతమందితో తలపడతారు. దీనివల్ల రాజు చావు కూడా ఆడేవాడి చేతిలో ఒక లెక్క అవుతుంది. అలా లెక్కేయడం నాకు కొంచెం ఇబ్బందిగానే ఉంటుంది, ఇప్పటికీ. మా నాన్నకైతే అసలు నచ్చలేదు. "ఆ కొండ కింద దణ్ణం పెట్టుకొచ్చిన వాడివి, ఇదేం ఆటరా" అన్నారు. పద్మనాభం కొండ కింద కుంతీమాధవస్వామి గుడికి వెళ్లినప్పుడల్లా ఆ మాట గుర్తొస్తుంది. రూల్ మాత్రం అలాగే ఉంచాను.

ఇంకా పెద్ద ప్రశ్న గెలుపు ఎవరిది అన్నది. యుద్ధం ఏకపక్షం. బలాలు సమానం చేస్తే అది పద్మనాభం కాదు. ఉన్నది ఉన్నట్టు పెడితే రాజు వైపు ఆడడానికి ఎవడూ ముందుకు రాడు. పాయింట్లు, బోనస్‌లు పెట్టి చూశాం, చివర్లో కూడికలు చేసుకుంటూ కూర్చోవాల్సొచ్చింది. తేలింది ఇలా: ఇద్దరూ రెండాటలు ఆడతారు, వైపులు మార్చుకుని. రాజుగా ఎవడు ఎక్కువ రౌండ్లు జెండా నిలబెడితే వాడిదే గెలుపు. సమానమైతే కంపెనీ వాళ్లని ఎక్కువమందిని పడగొట్టినవాడిది. ఓడిపోయే యుద్ధంలో ఎంతసేపు నిలబడ్డావన్నదే పందెం. దీనికి ఆట చిన్నదై ఉండాలి. మధ్యాహ్నం భోజనాలయ్యాక మొదలుపెడితే రెండాటలూ ముగించి, చీకటి పడేలోగా బీచ్ రోడ్డు మీద మురీ మిక్చర్ తింటూ ఎవడు ఎక్కడ చెడగొట్టాడో తిట్టుకునే వీలుండాలి. ఆ కొలతతోనే ఇంకో రెండు పట్టికలు కోసేశాను.

ఇక మా మేనల్లుడు. తొమ్మిదో తరగతి. వాడికి చెప్పిన పని ఒక్కటే: ఎలాగైనా గెలువు, సిగ్గుపడకు. ఇంట్లో పెద్దలం ఆడితే "అలా ఆడకూడదులే" అని మొహమాటంతో వదిలేసే కంతలన్నీ వాడు వెతికి పట్టుకుంటాడు. మొదటి రోజే రాజు జెండాని కొండమెట్ల పైకి ఎక్కించి కూర్చోబెట్టాడు. ఒంటి వరసలో తప్ప ఎవరూ ఎక్కలేరు, ఆట అయిపోయేదాకా జెండా చెక్కుచెదరలేదు. "మావయ్యా, ఎక్కకూడదని ఇందులో రాయలేదు కదా!" జెండా కొండ కింద ఉంటేనే లెక్క అని రాశాను. మరుసటి వారం కంపెనీ దళాన్ని గట్టు మీదుగా పూర్తి వేగంతో తీసుకెళ్లి, అక్కడే పక్కకి తిప్పి, "ఇప్పుడిది బారు" అని పన్నెండు పాచికలూ పట్టుకున్నాడు. గట్టు మీద కదిలిన రౌండులో కాల్పులు లేవని రాశాను. మూడోది నాకు నచ్చేసింది. పనికిరాని చిన్న దళంతో ఖాళీ పొలంలోకి కాల్పించి, ఆ దూది వెనక నుంచి మిగతావాళ్లని దాటించాడు. అది కంత అని బావ గొడవపెట్టుకున్నాడు. కానీ పొగచాటున కదలడం సైన్యాలకి కొత్తేమీ కాదు. దాన్ని అలాగే వదిలేశాను, కాగితం మీద కూడా ఎక్కించాను.

అన్నిటికంటే కష్టమైన పరీక్షలో నేను ఆడనే లేదు. మా కింద ఫ్లాట్లో నేవీలో చేసి రిటైరైన ఒకాయన ఉన్నారు. తువ్వాలు పరిపించింది ఆయనే. ఆయనకీ, ఆయన స్నేహితుడికీ రెండు వైపులా అచ్చేసిన ఒక్క కాగితం ఇచ్చి, బొమ్మలు పరిచి, నేను గోడ పక్కన కుర్చీలో కూర్చున్నాను. నోరు తెరవకూడదని నాకు నేనే పెట్టుకున్న నియమం. ఆయన కాగితాన్ని డ్యూటీ ఆర్డర్ చదివినట్టు పదం పదం చదివారు. "కనిపిస్తే కాల్చవచ్చు అని రాశారు. ఎవరికి కనిపిస్తే మాస్టారూ? నాకా, బొమ్మకా?" నేను పలకలేదు. ఆయన కళ్లజోడు సర్దుకుని, బల్ల ఎత్తుకి వంగి, ఒక కన్ను మూసి చూసి, "బొమ్మకే అనుకుందాం" అన్నారు. కాసేపటికి "తర్వాతి టర్న్‌లో వాన" దగ్గర ఆగారు. తర్వాతి టర్న్ అంటే తనదా, స్నేహితుడిదా? ఇద్దరూ చెరో మాట అని, చివరికి నాణెం ఎగరేసుకున్నారు. కొలత ఎక్కడి నుంచి అన్నదాని మీద ఇంకాసేపు గడిచింది. అడుగు ముక్క అంచు నుంచా, తుపాకి మొన నుంచా? ఇవన్నీ మా ఇంట్లో ఎన్నడూ రాని ప్రశ్నలు, ఎందుకంటే మా ఇంట్లో ఆడినప్పుడు నేను పక్కనే ఉండి చెప్పేవాణ్ణి. ఆ రాత్రి కాగితం మొత్తం తిరగరాశాను. టర్న్ అన్న మాట తీసేసి, ఇద్దరూ ఆడితే ఒక రౌండు అని పెట్టాను. చూపుకి దారం పట్టుకోవడం, కొలతకి అడుగు ముక్క అంచు. రూల్స్ ఒక్కటీ మారలేదు, కాగితం మాత్రం పావు వంతు పెరిగింది.

ఆయన వెళ్తూ వెళ్తూ అడిగింది ఒక్కటే: "ఫిరంగుల సంగతేంటి?" వాటికి ఇంకా సరైన రూల్ లేదు. గట్టు మీద ఫిరంగి వెళ్లగలదా, మడిలో దిగితే ఇక కదలదా, ఎద్దులు పడిపోతే ఏం చెయ్యాలి అన్నవి భోజనాల బల్ల దశలోనే ఉన్నాయి.

ఈలోగా బావకి చందుర్తి మీద గాలి మళ్లింది. 1758 డిసెంబరులో ఇంగ్లీషువాళ్లూ ఫ్రెంచివాళ్లూ ఇప్పటి కాకినాడ జిల్లాలో తలపడ్డ యుద్ధం, విజయనగరం ఆనందరాజు ఇంగ్లీషువాళ్ల వైపు. డిసెంబరు కాబట్టి మబ్బు రూల్ అక్కర్లేదు, దమ్ము మడులూ అక్కర్లేదు. దూది ఉంటుంది. కొత్తగా కావలసింది దాక్కునే రూల్. అక్కడ ఇంగ్లీషు పటాలం ఎత్తైన చేను చాటున ఉండిపోయింది, ఎర్రకోట్లు తొడిగిన సిపాయిలనే అసలు పటాలం అనుకుని ఫ్రెంచివాళ్లు మీద పడ్డారు. బల్ల మీద ఏ బొమ్మ నిజమో ఎదుటివాడికి తెలియకుండా ఎలా పెట్టాలి? అడుగు ముక్కల కింద అంకెలు రాసి బోర్లించి పెడదామని మేనల్లుడంటున్నాడు. వాడు చెప్పాడంటే అందులో వాడికి పనికొచ్చే కంత ఒకటి ఉండే ఉంటుంది. ఆదివారం పరిచి చూడాలి.